కేసు నడిచినన్నాళ్లూ నాయన నేలమీదే

మా నాయన తాటిచెట్టు మీద నుంచి ఏనాడూ పడలేదు. మీసం రాకముందు నుంచి తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. వానకు మాను జారుతున్నా, గాలికి మట్టలు మొహాన కొడుతున్నా పడలేదు. పడింది సైకిల్ మీద నుంచి, అదీ చక్కటి తారురోడ్డు మీద, పట్టపగలు. ఏన్కూరు దాటినాక మా ఊరి మలుపులో, టాపు మీద కూడా జనాన్ని ఎక్కించుకొని కొత్తగూడెం దిక్కు ఉరుకుతున్న జీపు వెనక నుంచి గుద్దింది. క్యారియర్‌కు కట్టిన కల్లు లొట్లు పగిలి కుండపెంకులయ్యాయి. నాయన తొడ ఎముక విరిగింది.

అప్పుడు నేను కొత్తగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఊళ్లో ఎస్టీడీ బూతు పెట్టి ఏడాది కూడా కాలేదు. ఆ ఫోను నుంచే మా మేనమామ కబురు చేసిండు. నేను దవాఖానాకు ఉరికేసరికి నాయన కాలికి ఇటుకలు వేలాడదీసి ఉన్నాయి. నన్ను చూడగానే కాలు సంగతి ఎత్తలేదు.

"బిడ్డా, పొద్దుమీకి చెట్లెవరు గీస్తరే? మీ మామకు చెప్పినవా?" అన్నడు.

తాటిచెట్టు సంగతి తెలియనివాళ్లకు ఆ మాట పిచ్చిగా ఉంటుంది. పొద్దున, సాయంత్రం ఎక్కి గెల కొసను పలుచగా గీస్తేనే కల్లు పారుతుంది. నాలుగు పూటలు వదిలేస్తే గెల ఎండిపోతుంది, ఆ ఏటికి ఆ చెట్టు అంతే. అందుకని మామ ఆ సాయంత్రం నుంచే నాయన చెట్లు పట్టుకున్నాడు, వచ్చిన కల్లులో సగం మాకిచ్చే లెక్కన.

వకీలు సారు ఆ వార్డులోకే వచ్చాడు. ముందు గుమాస్తా వచ్చి జీపు నంబరు, పోలీసు కేసు నంబరు రాసుకొని పోయాడు, మర్నాడు ఆయనే వచ్చాడు. ఎండాకాలంలో కూడా నల్లకోటు విప్పని మనిషి. చెమటకు కోటు వెనక ఉప్పు మరకలు కట్టి ఉండేవి. మంచం పక్కన స్టూలు మీద కూర్చొని, నన్ను చూసి, ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే అని పసిగట్టి నాతోనే మాట్లాడాడు. జీపుకు ఇన్సూరెన్స్ ఉంది, నష్టపరిహారం కేసు వేద్దాం, కోర్టు ఖర్చులు, డాక్టరును సాక్ష్యానికి పిలిపించే ఖర్చులు అన్నీ నేనే పెట్టుకుంటా అన్నాడు.

"మరి మీ ఫీజు?" అన్నాను.

"ఇప్పుడు నాకు రూపాయి కూడా వద్దు బిడ్డా. కంపెనీ ఇచ్చిందాంట్లో నాలుగో వంతు నాది. ఏం రాకపోతే నాకూ ఏం లేదు."

వకీళ్లు గట్ల వాటాకు కేసు మాట్లాడుకోవద్దని రూలు ఉందంట. ఆ సంగతి నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అప్పుడు తెలిసినా చేసేదేం లేదు, ముందుగా ఫీజు కట్టేంత స్తోమత మాకెక్కడిది? నాయనకు మాత్రం ఆ పద్ధతి భలే నచ్చింది. మా పనిలో వాటాలు మామూలే. చెట్టు ఒకరిది, గీసేది ఇంకొకరు, కల్లు పంచుకుంటారు.

"సమజైంది సారు. నా కాలే చెట్టు, మీరు గీస్తరు," అన్నడు మంచం మీద నుంచి. వకీలు సారు పగలబడి నవ్వాడు. పక్క మంచం మీది పేషెంటు కూడా నవ్వాడు. అమ్మ మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది.

నవ్వు ఆగినాక వకీలు సారు గొంతు తగ్గించాడు. "ఒక్కటే షరతు పెద్దమనిషీ. కేసు తేలేదాకా నువ్వు చెట్టెక్కొద్దు. కాలు బాగైనా సరే. కంపెనీ వాళ్లు మనిషిని పంపుతరు, ఫోటోలు తీయిస్తరు. నువ్వు తాటిచెట్టు మీదున్న ఫోటో ఒక్కటి కోర్టుకొచ్చిందనుకో, అయిపాయె మన పని."

నాకు చుర్రుమంది. చిన్నప్పటి నుంచీ నా నోరు అంతే. "అంటే మా నాయన కాలు ఎంత చెడితే మీకంత లాభమన్నమాట," అన్నాను.

అమ్మ నా జబ్బ గిల్లింది. ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. "నిజమే బిడ్డా. ఎంత చెడితే మీకు అంత వస్తది, దాంట్లో నాలుగో వంతు నాకు. కాలుకు ధర కట్టే పద్ధతే గట్లుంది, నేను పెట్టింది కాదు," అన్నాడు. నాయన కాగితాల మీద వేలిముద్ర వేసిండు.

కాలులో రాడ్డు వేశారు. డాక్టరు, "కాలు కొద్దిగా పొట్టిపడ్డది, చెట్లెక్కకపోతే మంచిది" అన్నాడు. మొదట చంకకర్రలు, తర్వాత చేతికర్ర, ఆ తర్వాత అదీ లేదు. ఏడాది తిరిగేసరికి మా నాయన మేక కట్టు తెంచుకుంటే దాని వెనక ఉరికి పట్టుకొచ్చేంతగా బాగయ్యాడు. కేసు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడుతూ ఉంది. నాయన రోజంతా ఇంటి ముందు నులక మంచం వేసుకొని, చెలక గట్టు మీది తాటిచెట్ల దిక్కు మొహం పెట్టి కూర్చునేవాడు. మామ చెట్టు మీద ఉంటే ఈయన కింద నుంచి కేకలు.

"గట్ల లోతుగ గీయకురా! గెల సచ్చిపోతది!"

"బావా, ఎక్కింది నేనా, నువ్వా?" అని పైనుంచి మామ.

ఆ తాళ్లకు తన చెయ్యే అలవాటని, మామ చేతికి అవి మనసిచ్చి పారడం లేదని నాయన నమ్మకం. కల్లు తగ్గిన రోజు ఆయన మొహంలో ఒక రకమైన తృప్తి కనిపించేది. మళ్లీ ఆ తగ్గినదాంట్లో సగం మాదేనని గుర్తొచ్చి చప్పబడేవాడు.

అమ్మ మాత్రం ఆ రోజుల్లో కళకళలాడింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా నాకు వింతగా ఉండేది. ఒళ్లు చేసింది. తలలో కనకాంబరాలు పెట్టుకునేది. ఎండాకాలం ఆమె బీడీల తునికాకు కోయడానికి పొద్దున్నే అడవికి పోయి మూటతో తిరిగొచ్చినాక, ఇద్దరూ అరుగు మీద కూర్చొని కట్టలు కట్టేవాళ్లు. ఆకులు సరిగ్గా పేర్చరాని నాయనను ఆమె ఆటపట్టిస్తుంటే, ఆయన ఉడుక్కుంటుంటే, కొత్తగా పెళ్లయినవాళ్లను చూసినట్టే ఉండేది. పొద్దుగూకే వేళకు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని అన్నం తినేవాళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ వేళకు నాయన ఇంట్లో ఉన్నది లేదు. మొగుడు విశ్రాంతిగా ఉన్నాడు కదా, ఆ సంతోషమే అనుకున్నాను.

ఒకరోజు స్కూటర్ మీద ప్యాంటూ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, మా ఇంటి ముందే ఆగి కల్లు దొరుకుతుందా అని అడిగాడు. మెడలో కెమెరా ఉంది. అమ్మ కంట్లో పడింది. అంతే, లోపలికి ఉరికి దుప్పటి తెచ్చి, మండుటెండలో నాయన కాళ్ల మీద కప్పింది. "మూలుగు," అని చెవిలో చెప్పింది.

"ఏంది?"

"మూలుగయ్యా, జల్దీ!"

నాయన మూలిగిండు. బర్రె ఈనినట్టు మూలిగిండని మామ తర్వాత ఏడాది పొడుగునా ఎక్కిరించిండు. వచ్చినాయన రెండు గ్లాసుల కల్లు తాగి, పాపం అని, చెలక గట్టును ఒక ఫోటో తీసుకొని వెళ్లిపోయాడు. ఆయన నిజంగా కంపెనీ మనిషో, దారిన పోయేవాడో మాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి నాయన సాక్ష్యం చెప్పే వాయిదా వచ్చింది. కొత్తగూడెం కోర్టు వరండాలో నేను, అమ్మ, నాయన పొద్దున్నుంచీ కాచుకొని కూర్చున్నాం. బెంచీ మీద కూర్చున్నది అమ్మా నేనే. నాయన మాత్రం పక్కన బెంచీ ఖాళీగా ఉండగానే అలవాటు కొద్దీ గోడ పక్కన గొంతుక్కూర్చొని చుట్ట తీసిండు. వకీలు సారు అంత దూరం నుంచి చూసి, కోటు ఎగురుతుండగా ఉరికొచ్చి, ఆయన జబ్బ పట్టి లేపాడు. "పెద్దమనిషీ! మోకాలు వంగదని మనం కాగితంలో రాసుకున్నం!" అన్నాడు. నాయన బెంచీ మీద బిగుసుకొని కూర్చున్నడు. నాకు నవ్వు ఆగలేదు.

ఆ నవ్వు కోర్టు హాల్లో పోయింది.

నాయన ఎన్ని తాళ్లు గీసేవాడు, నెలకు ఎంత సంపాదించేవాడు అన్నది తేలితేనే పరిహారం ఎంతో తేలుతుంది. మా కాగితంలో ఆ లెక్క వరకు వకీలు సారు ఉన్నదున్నట్టే రాయించాడు. నాయన గీత మా చుట్టుపక్కల ఊళ్లల్లో పేరున్నది, దానికి అబద్ధం అక్కర్లేదు. కానీ మా గీత ఇళ్లల్లో ఒక అలవాటుంది. ఆబ్కారీ వాళ్లు వచ్చి ఎన్ని చెట్లు, ఎంత కల్లు అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పిన మగవాడు లేడు. ఎక్కువ చెప్తే పన్ను, మామూలు, తనిఖీ. అందుకని కాగితం, కలం పట్టుకున్నవాడు అడిగితే సగం కాదు, పావు చెప్పడం చిన్నప్పుడే నేర్పుతారు. మా తాత మా నాయనకు గీత ఎంత జాగ్రత్తగా నేర్పిండో, ఇదీ అంతే జాగ్రత్తగా నేర్పిండు.

కంపెనీ తరఫు వకీలు ముసలాయన, మెత్తటి మనిషి. ఈ ప్రాంతంవాడే అయి ఉంటాడు. గొంతులో అంత సానుభూతి పోసి, "ఏమయ్యా, ఆబ్కారీ వాళ్లతోటి మస్తు తిప్పలే గదా మీకు? ఇంతకూ ఎన్ని చెట్లుండేవి నీకు?" అన్నాడు.

ఆ మాట చెవినపడగానే నాయన భుజాలు కుంగాయి. మొహం దీనంగా మారిపోయింది. రెండు చేతులూ జోడించిండు.

"యాడివి సారు, మూడో నాలుగో. ఇంట్ల తాగనీకే సాలయి. నీళ్ల లెక్క పారుతది ఆ కల్లు గూడ. ఏం మిగలదు సారు, వట్టి సేవ."

మా వకీలు సారు లేచి ఏదో అన్నాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. టైపు మిషను టకటకా కొట్టుకుంది. కంపెనీ వకీలు ఇంకో ప్రశ్న అడగలేదు, థాంక్స్ చెప్పి కూర్చున్నాడు. నాయన బోను దిగొచ్చి, గండం దాటినవాడిలా నా దిక్కు చూసి కన్ను గీటిండు. ఆబ్కారీ ఆయన నుంచి తప్పించుకొచ్చినట్టే ఉంది ఆయనకు. ఏం చేసిండో నేను చెప్పినాక, వెలిగించబోయిన చుట్టను మళ్లీ రొండిన దోపుకున్నడు. ఆయనను ఏమనడానికీ నాకు నోరు రాలేదు. నాకే, అంత నోరు ఉన్నదానికి.

తీర్పు వచ్చింది. ఆదాయం కింద నాయన నోటితో చెప్పిందే ఖాయమైంది. దవాఖానా ఖర్చులు పోను చేతికి వచ్చేది ఒక పాడిబర్రెకు, ఇంటి పైకప్పుకు సరిపోయేంత. మమ్మల్ని ఆఫీసుకు పిలిపించి వకీలు సారు మెల్లగా చెప్పాడు. ఆయనకు కోపం లేదు, అలసట ఉంది.

"ఇది అన్యాయం. హైకోర్టులో అప్పీలు వేద్దాం. ఊళ్లో నలుగురితో నీ గీత సంగతి చెప్పిస్తే ఇంతకు రెండింతలు చేయొచ్చు. నాకు ఇప్పుడు కూడా రూపాయి ఇయ్యొద్దు, అదే నాలుగో వంతు. కాకపోతే అది తేలేదాకా మళ్లా అదే షరతు. చెట్టు జోలికి పోవద్దు."

"ఎన్నేండ్లు పడ్తది సారు?" అన్నడు నాయన.

"మూడో, నాలుగో. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

నాయన తల వంచుకొని తన పాదాల దిక్కు చూసుకున్నడు. చీలమండల దగ్గర ఆయనకు చెట్టెక్కి ఎక్కి రాయిలా కాయలు కట్టిన చర్మం ఉండేది. నేల మీద గడిపిన ఆ ఏళ్లల్లో అది మెత్తబడి, నా కాళ్ల లాగే అయిపోయింది.

"వేద్దాం సారు," అన్నది అమ్మ. ఎప్పుడూ మొగవాళ్ల మధ్య నోరు మెదపని మనిషి. "ఎన్నేండ్లయినా సరే. వెయ్యండి."

"ఎందుకే అమ్మా?" అన్నాను. నాకు నిజంగా చిరాకు వచ్చింది. "ఇంకా నాలుగేండ్లు ఈయనను మంచానికి కట్టేస్తవా? అన్ని పైసలు ఏం చేసుకుంటవు?"

అమ్మ నా మీదికి తిరిగింది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను విన్నది అదే మొదలు.

"పైసలు ఎవరికి గావాలె? నీకేం ఎరుక! తెల్లారకముందే మొబ్బుల పోతడు, పొద్దుగూకంగ పోతడు. మళ్లొచ్చి ఆ చెట్టెక్కే మోకు కొయ్యకు తగిలించిన సప్పుడు ఇనేదాక నాకు బుక్క దిగదు. పెండ్లయిన కాడికెల్లి గదే బతుకు. వాన జల్లు పడితే ఏడుపు, గాలి లేస్తే ఏడుపు. ఎక్కకని ఎన్నిసార్లు కాళ్లమీద పడ్డనో ఆయన్నే అడుగు. నేను మొక్కితే దిగని మనిషి ఈ సారు మాటకు దిగిండు. ఈ కేసొచ్చినంకనే నేను కడుపునిండ తిన్న."

నాకు ఆ కనకాంబరాలు, ఆ పొద్దుగూకే వేళ అన్నాలు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నాకు ఏడుపొచ్చింది. ఎవరి పక్షాన ఏడవాలో మాత్రం తెలియలేదు.

నాయన ఆమె దిక్కు తిరిగిండు. "గింత భయమున్నదా నీకు?" అన్నడు.

"ఇప్పుడు తెలిసెనా? చెప్తే ఆగుతవా మరి?"

నాయన ఆలోచించిండు. ఆమెను ఊరుకోబెట్టడానికి ఒక అబద్ధం చెప్పొచ్చు, కోర్టులో అంత సులువుగా చెప్పిన మనిషి. చెప్పలేదు.

"ఆగ," అన్నడు. "నేల మీద నాకు పొద్దు పోతలేదే. తిన్నది ఒంటికి పడ్తలేదు. ఆ తాళ్లను చూసినప్పుడల్లా నా పిల్లల్ని ఎవరింట్లనో వదిలేసినట్టుంటది. ఎక్కలేకపోతే దిగొస్త, గంతే. ఎక్కి చూడకుండనైతే ఉండలేను." తర్వాత వకీలు సారు దిక్కు తిరిగిండు. "వద్దు సారు. అప్పీలొద్దు. మీ వాటా మీద గూడ మట్టి కొట్టిన, ఏమనుకోవద్దు."

వకీలు సారు కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు. ఆయన తన నాలుగో వంతు తీసుకున్నాడు, వదులుకోలేదు. ఇన్నేళ్లు పెట్టుకున్న ఖర్చులు మాత్రం అడగలేదు. మేం లేస్తుంటే అమ్మతో అన్నాడు: "చెల్లెమ్మా, ఈ కేసు నీ తరఫున నడుపుతున్ననని నాకు తెల్వదు. తెలిస్తే ఇంకా గట్టిగా వాదించేటోన్ని."

అమ్మ కన్నీళ్లతోనే నవ్వింది. మా ఊరి మలుపులో బస్సు దిగేటప్పుడు నాయన ఆమె చేతిసంచి తీసుకొని తను మోసిండు.

పండుగ సెలవులకు నేను ఇంట్లో ఉన్నప్పుడే నాయన చెట్టెక్కే రోజు పెట్టుకున్నడు. మామ మోకు తెచ్చి చేతికిచ్చి, "బావా, ముందు పొట్టిదానితో మొదలుపెట్టు," అన్నడు. మా చెలక చివర ఒక కురచ తాటిచెట్టు ఉంది, కొత్తగా గీత నేర్చుకునే పోరగాళ్లు దాని మీదే ఎక్కడం దిగడం నేర్చుకుంటారు. నాయనంత పనివాడు ఆ చెట్టు కిందికి పోవడం నేను చూడలేననుకున్నాను. ఆయనకేం నామోషీ లేదు. మానును అరచేత్తో రెండుసార్లు తట్టి, దండం పెట్టుకొని, మోకు చుట్టూ తిప్పి నడుముకు బిగించుకున్నడు.

"నేను రాను, చూడను," అని పొయ్యి దగ్గరే కూర్చున్న అమ్మ, నాయన మొదటి అడుగు వేసేసరికి చెలకలో ఉంది. పొయ్యి మీద అన్నం అట్లనే వదిలేసి వచ్చింది.

నాయన మెల్లగా ఎక్కిండు. బాగున్న కాలు ముందు, రాడ్డు వేసిన కాలు వెనక. సగం దాకా పోయి ఆగిండు. చెంపను మానుకు ఆనించి అట్లనే ఉండిపోయిండు. దిగొస్తడేమో అనుకున్నాను, దిగితే బాగుండని కూడా అనుకున్నాను, అంత భయమేసింది. మామ నోరు తెరవబోతే నేను చేయి పట్టుకొని ఆపాను. తర్వాత మోకును మళ్లీ ఒక్క గుంజు గుంజి పైకి జరిగిండు. ఇంకో గుంజు. మట్టల దాకా చేరి నాయన కిందికి చూసిండు.

సరిగ్గా ఆయన కిందనే, చెంగు నడుముకు దోపుకొని, తల పైకెత్తి, రెండు చేతులూ కొద్దిగా చాపి అమ్మ నిలబడి ఉంది.

"ఏమే, పక్కకు జరుగు! పడితే నీ మీదనే పడ్త!" అని అరిచిండు నాయన.

"పడు మరి," అన్నది అమ్మ. అక్కడి నుంచి జరగలేదు.